గోధుమ లేని కూరగాయల స్కోన్లు: చోడిపిండి, గుమ్మడితురుము, నీళ్ల లెక్క

మా మేనకోడలికి సీలియాక్, అంటే గోధుమ ముట్టకూడని జబ్బు, అని విశాఖలో డాక్టర్ తేల్చి చెప్పారు. ఆ రోజు బస్సు సాలూరు ఘాట్ ఎక్కుతుంటే మా వదిన అడిగింది: "ఇక దీని టిఫిన్ బాక్సులో ఏం పెట్టాలి?" ఇడ్లీ ఉంది, దోశ ఉంది, ఉప్పుడుపిండి ఉంది కదా అన్నాను. "అవి సరేలే. పక్క పిల్లలు పఫ్‌లూ కేకులూ తెచ్చుకుంటే ఇది ఎవరి మొహం చూడాలి?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఒడిశాలో మా జైపూర్ చేరాక వారం తిరక్కుండా అటక మీద దుమ్ము పట్టిన ఓటీజీ, అంటే చిన్న కరెంటు ఓవెన్, దించాను. మొదటి మూడు వాయిలూ పాడయ్యాయి. అవి ఎందుకు పాడయ్యాయో చెబితే మీకు పిండీ వెన్నా మిగులుతాయని ఇది రాస్తున్నాను.

స్కోన్ అంటే కేకుకీ బిస్కెట్‌కీ మధ్య రకం. పైన కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. పుట్టింది స్కాట్లాండ్‌లో. మొదట్లో ఓట్స్, బార్లీ పిండితో గుండ్రంగా తట్టి, పెనం మీద కాల్చి, ముక్కలుగా కోసుకునేవారు. ఓవెన్, మైదా, బేకింగ్ పౌడర్ తర్వాత వచ్చి చేరాయి. పెనం సంగతి గుర్తుపెట్టుకోండి, ఓవెన్ లేనివాళ్లకు చివర్లో పనికొస్తుంది.

గోధుమ లేని పిండి కోసం మనం ఆన్‌లైన్‌లో ఖరీదైన ప్యాకెట్లు వెతకక్కర్లేదు. మా జైపూర్ ఉన్న ఈ కోరాపుట్ ప్రాంతం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. అందుకే మా వంటింట్లో సగం శ్రీకాకుళం, సగం ఒడియా. మేం చోళ్లు అంటాం, సంతలో అమ్మే ఒడియా మావుసి మాండియా అంటుంది, హైదరాబాద్ చుట్టాలు రాగులంటారు. ధాన్యం ఒకటే, అందులో గ్లూటెన్ (గోధుమలో ఉండే జిగురు మాంసకృత్తు) లేదు. 2017లో ఒడిశా ప్రభుత్వం చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టాక పట్నం దుకాణాల్లోనూ మాండియా పిండి తేలిగ్గా దొరుకుతోంది. పిండికి లోటు లేదు. ఇబ్బందంతా నీళ్లతోనే. పిండి ఎన్ని నీళ్లు తాగుతుంది, కూరగాయ ఎన్ని వదులుతుంది అన్న లెక్క కుదిరితే స్కోన్ కుదిరినట్టే.

పిండి ఆడించే ముందు

ఇంట్లో సీలియాక్ ఉన్నవాళ్లు ఈ భాగం వదిలేయకండి. ఊరికే గోధుమ తగ్గిద్దామనుకునేవాళ్లు పైపైన చదివినా ఫర్వాలేదు.

సీలియాక్ అంటే గోధుమ అరగకపోవడం కాదు. గోధుమ, బార్లీ, రై (గోధుమలాంటి ఓ ధాన్యం, ఆవాలు కాదు) గింజల్లోని గ్లూటెన్ లోపలికి వెళ్తే, ఒంట్లోని రక్షణ వ్యవస్థ తన చిన్నపేగు మీదే దాడికి దిగుతుంది. "ఒక్క ముక్కకి ఏమవుతుంది" అన్న మాట అక్కడ చెల్లదు. మన దేశంలో ఆహార భద్రతా సంస్థ నిబంధన ప్రకారం ప్యాకెట్ మీద గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే, కిలో పదార్థంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములు మించకూడదు. కిలోకి 20 మిల్లీగ్రాములంటే గోరు మీద అంటిన పిండి కూడా లెక్కలోకి వస్తుంది.

మేం దెబ్బతిన్నది మిల్లులో. మంచి చోళ్లు కొని, కడిగి, ఎండబెట్టి మరకి పట్టుకెళ్లాం. మా ముందు మనిషి గోధుమలు ఆడించుకుని వెళ్లాడు. అదే రాళ్ల మధ్య మా చోళ్లు నలిగాయి. పిండి చూడ్డానికి బాగుంది, పిల్లకి మాత్రం మూడు రోజులు కడుపునొప్పి. మిల్లు ఆయన తప్పేం లేదు, అడగాల్సింది మేం. అప్పట్నుంచి చోళ్లు ఇంట్లోనే మిక్సీలో కొద్దికొద్దిగా ఆడి, సన్నజల్లెడ పడుతున్నాం. కిలో పిండికి గంట పడుతుంది, చేతులు నొప్పి పుడతాయి, కానీ బెంగ ఉండదు.

జల్లెడ కొత్తది కొనండి. పాత జల్లెడ కన్నాల్లో ఇరుక్కున్న గోధుమపిండి ఎంత కడిగినా పూర్తిగా పోదు. చపాతీ పీట, కర్ర చెక్కవైతే అవీ వేరుగా ఉండాలి. ఇక ఎవరికీ అనుమానం రానిది ఇంగువ. డబ్బాలో వచ్చే ఇంగువ చాలావాటిలో గోధుమపిండి కలుపుతారు, లేబుల్ చదివే కొనండి. ఓట్స్‌లో సహజంగా గ్లూటెన్ లేకపోయినా పొలంలోనో ఫ్యాక్టరీలోనో గోధుమ కలుస్తుంది, కాబట్టి మామూలు ప్యాకెట్ వద్దు. బొంబాయి రవ్వ, సేమ్యా, మైదా మూడూ గోధుమే అని చుట్టాలకి ఎన్నిసార్లు చెప్పినా చెబుతూనే ఉండాలి.

ఇంకో మాట. పిల్లకి గోధుమ పడట్లేదేమో అని అనుమానం ఉంటే, పరీక్ష చేయించకముందే గోధుమ మాన్పించకండి. మానేశాక చేసే రక్తపరీక్షలో జబ్బు ఉన్నా బయటపడకపోవచ్చు. ముందు డాక్టరు, తర్వాత స్కోన్లు.

కొలతలు

ఎనిమిది స్కోన్లకి. గ్లాసులు, గుప్పిళ్ల లెక్క వద్దు. గ్లూటెన్ లేని పిండి వంటల్లో చేతివాటం పనిచేయదని నేను చాలా పిండి పారబోశాక ఒప్పుకున్నాను. చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు కొనుక్కోండి.

- పొడి బియ్యప్పిండి 120 గ్రాములు
- చోడిపిండి 70 గ్రాములు
- సగ్గుబియ్యం పిండి 60 గ్రాములు
- ఇసబ్‌గోల్ పొట్టు 8 గ్రాములు, అంటే దాదాపు రెండు టేబుల్ స్పూన్లు
- బేకింగ్ పౌడర్ 12 గ్రాములు, తలకొట్టి మూడు టీస్పూన్లు
- వంటసోడా పావు టీస్పూన్
- ఉప్పు ముప్పావు టీస్పూన్ (వెన్న ఉప్పుదైతే అర టీస్పూన్ చాలు)
- బాగా చల్లటి వెన్న 70 గ్రాములు
- గుడ్డు ఒకటి
- చిక్కటి పెరుగు 110 గ్రాములు, కాస్త పులిసినా మంచిదే
- పాలు 40 మిల్లీలీటర్లు, చేతి దగ్గర ఇంకో రెండు స్పూన్లు
- నీళ్లు పిండేసిన గుమ్మడి తురుము 100 గ్రాములు
- గుప్పెడు మునగాకు, రెండు ఉల్లికాడలు, రెండు పచ్చిమిర్చి, అర టీస్పూన్ జీలకర్ర, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు

బియ్యప్పిండి పొడిదే కావాలి. అరిసెలకి కొట్టే తడిపిండి వాడితే అందులో ఉన్న తడి ఎంతో మీకు తెలియదు, లెక్క అక్కడే తప్పుతుంది. పిండి ఎంత మెత్తగా ఉంటే అంత మంచిది. వేళ్ల మధ్య రుద్దితే ఇసుకలా తగిలితే, కాల్చాక కూడా పంటికి ఇసుకలాగే తగులుతుంది.

చోడిపిండి రంగునీ రుచినీ ఇస్తుంది. వంద గ్రాముల చోళ్లలో కాల్షియం 340 మిల్లీగ్రాములకు పైనే, ఎదిగే పిల్లలకి అదో లాభం. అలాగని 70 గ్రాములని 150 చేయకండి. నేను చేశాను. ముద్ద బరువెక్కి, అంబలి గడ్డకట్టినట్టు తయారైంది.

సగ్గుబియ్యాన్ని మిక్సీలో పౌడర్ చేసి జల్లించుకోండి. అది కర్రపెండలం గంజిపదార్థమే కాబట్టి వేడికి ఉబ్బి, బియ్యప్పిండిని పట్టి ఉంచుతుంది. అయితే గోధుమలో గ్లూటెన్ చేసే అసలు పని, అంటే గాలిబుడగలను వలలా పట్టుకోవడం, ఇక్కడ ఇసబ్‌గోల్ చేస్తుంది. మందుల షాపులో దొరికే పొట్టే, కానీ నారింజ రుచిదో తీపిదో కాకుండా సాదాది అడగండి. నేను ఒకసారి ఇది లేకుండా చేసిన వాయి ప్లేటులోకి తీసేలోపే ఇసుకగూడులా రాలిపోయింది.

బేకింగ్ పౌడర్ దగ్గర ఓ చిన్న ముచ్చట. ఇంగ్లండ్‌లో బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల దుకాణదారుడు ఉండేవాడు. ఆయన భార్యకి గుడ్డూ పడేది కాదు, ఈస్టూ పడేది కాదు. గుడ్డు లేని కస్టర్డ్ పౌడర్ ముందు చేశాడు, 1843లో ఈస్ట్ లేకుండా పొంగే బేకింగ్ పౌడర్ తయారుచేశాడు. ఇంట్లో ఒక మనిషికి పడలేదని మొదలైన డబ్బా అన్నమాట. మన వానాకాలానికి ఆ డబ్బా మూత సరిగ్గా లేకపోతే లోపలి పొడి చచ్చిపోతుంది. వాడేముందు ఒక టీస్పూన్ వేడినీళ్లలో వేసి చూడండి. బుసబుసమని పొంగాలి. నసిగితే కొత్త డబ్బా తెచ్చుకోండి. డబ్బా మీద పదార్థాల జాబితా కూడా చూడండి, కలిపే పిండి మొక్కజొన్నదో మరేదో అక్కడ ఉంటుంది.

గుమ్మడి నీళ్లు పిండడం

నా మొదటి వాయి చెడగొట్టింది ఇదే. గుమ్మడి తురిమి అలాగే కలిపేశాను. ముద్ద కలిపేటప్పుడు బాగానే ఉంది. ఓవెన్‌లోకి వెళ్లి పది నిమిషాలయ్యేసరికి తురుములోని నీళ్లన్నీ బయటికొచ్చి, స్కోన్లు ట్రే నిండా బొబ్బట్లలా పరుచుకున్నాయి. పైన మాడింది, లోపల పచ్చి.

పండిన ఎర్రగుమ్మడి తీసుకోండి, ఇక్కడి సంతలో కఖారు అని అడిగితే ఇచ్చేది అదే. చెక్కు తీసి, పెద్ద కన్నాల వైపు 160 గ్రాములు తురమండి. పావు టీస్పూన్ ఉప్పు చల్లి, చేత్తో కలిపి, చిల్లుల గిన్నెలో పావుగంట వదిలేయండి. ఈ ఉప్పు పైన చెప్పిన ముప్పావు టీస్పూన్‌లోంచే తీయండి. తర్వాత పల్చటి నూలుగుడ్డలో మూటకట్టి మెలిపెట్టండి. మొదట ధార కడుతుంది, తర్వాత చుక్కలు, ఆ తర్వాత ఏం రాదు. అప్పుడు ఆపకండి. మూట విప్పి, తురుము చేత్తో కలియబెట్టి, మళ్లీ మెలిపెట్టండి. ఇంకో రెండు స్పూన్లు వస్తాయి. నా త్రాసు మీద 160 గ్రాములు కాస్తా వంద దగ్గరికి వస్తుంది. పట్టుకుంటే తురుము కొబ్బరి కోరులా విడివిడిగా ఉండాలి. పిండిన నీళ్లు పారబోయకుండా పక్కన పెట్టండి, ముద్ద గట్టిగా ఉంటే పాలకి బదులు అవే వేయొచ్చు.

క్యారెట్ ఇంత నీరు వదలదు, ఉప్పు వేసి ఒకసారి పిండితే చాలు. సొరకాయ, బీరకాయ నా సలహా అడిగితే వద్దు, పిండాక మిగిలేది పీచే. పాలకూరని పెనం మీద రెండు నిమిషాలు వాడ్చి, చల్లార్చి, ముద్దగా పిండి తరగాలి. మునగాకు ఆరబెట్టి కాడలు తీస్తే అంతే, దాంట్లో నీటి గొడవే లేదు, అందుకే నాకు అదంటే ముద్దు. బీట్‌రూట్ పచ్చిగా ఉన్నప్పుడు ఎర్రటి రంగు చూసి మురిసిపోతాం, కాల్చాక మట్టిరంగుకి తిరుగుతుంది. ఉడికించిన మొక్కజొన్న గింజలు బాగుంటాయి, గుడ్డ మీద వేసి తడి అద్దండి.

కలపడం

ముందుగా వెన్నని చిన్న ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పది నిమిషాలు పెట్టండి. ఇంట్లో చిలికిన వెన్నయితే దాంట్లో మజ్జిగ తడి చాలా ఉంటుంది, చల్లటి నీళ్లలో కడిగి, గరిటె వెనకతో నొక్కి నీరు తీసేసి, ఆ తర్వాత తూకం వేయండి.

పెద్ద పళ్లెంలో మూడు పిండులు, ఇసబ్‌గోల్, బేకింగ్ పౌడర్, సోడా, మిగిలిన ఉప్పు, జీలకర్ర, మిరియాలు వేసి రెండుసార్లు జల్లించండి. జల్లెడలో మిగిలిన ఇసబ్‌గోల్‌నీ దినుసుల్నీ తిరిగి కలిపేయండి. వెన్న ముక్కలు వేసి వేలికొసలతో నలపండి. అరచేయి తగలకూడదు, అరచేతి వేడికి వెన్న కరుగుతుంది. బొంబాయి రవ్వలా అయ్యేదాకా అనబోయాను, మా ఇంట్లో ఆ పేరెత్తితే వదిన ఒప్పుకోదు. పచ్చికొబ్బరి కోరులా అనుకుందాం, మధ్యమధ్యలో కందిపప్పంత వెన్నబద్దలు మిగిలినా మంచిదే. అవి ఓవెన్‌లో కరిగి, వాటి తడి ఆవిరై, పొరలు విడతీస్తాయి. కోరాపుట్ చలికాలంలో ఈ పని సుఖంగా సాగుతుంది. బరంపురం, పర్లాకిమిడి వైపు మే నెలలో చేసేవాళ్లు పళ్లెం కూడా ఫ్రిజ్‌లో పెట్టి తీయండి.

ఇప్పుడు తురుము, తరిగిన ఆకు, ఉల్లికాడలు, మిర్చి వేసి పొడిపొడిగా కలపండి. గుడ్డు, పెరుగు, పాలు వేరే గిన్నెలో గిలకొట్టి ఒకేసారి పోసి, గరిటెతో కలపండి.

ఇక్కడే అందరూ కంగారుపడతారు. ముద్ద చేతికి అంటుకుంటూ, గారెల పిండికీ చపాతీ పిండికీ మధ్యన ఉంటుంది. పిండి చల్లేద్దామనిపిస్తుంది. చల్లకండి. నా రెండో వాయి అలాగే ఇటుకలైంది. గిన్నె మీద మూతపెట్టి ఫ్రిజ్‌లో ఇరవై నిమిషాలు ఉంచండి. బియ్యప్పిండి నీళ్లు తాగడానికీ, ఇసబ్‌గోల్ జిగురుగా ఉబ్బడానికీ ఆ సమయం కావాలి. ఇరవై నిమిషాల తర్వాత అదే ముద్ద చేతికి తేలిగ్గా వస్తుంది. అప్పటికీ అంచులు పగులుతుంటే ఒక స్పూన్ పాలు, మరీ జారుతుంటే ఒక స్పూన్ సగ్గుబియ్యం పిండి. దాన్ని మించి మార్చాల్సి వస్తే కూరగాయ సరిగ్గా పిండలేదన్నమాట.

మైదా స్కోన్లలో ఎక్కువ పిసికితే గట్టిపడతాయని భయపెడతారు. ఇక్కడ గ్లూటెనే లేదు కాబట్టి ఆ భయం లేదు, వెన్న కరగకుండా చూసుకుంటే చాలు.

తట్టడం, కాల్చడం

ఓవెన్‌ని 200 డిగ్రీల దగ్గర పావుగంట ముందే వేడెక్కించండి. మా వీధిలో సాయంత్రం వోల్టేజ్ పడిపోతుంది, అప్పుడు ఓటీజీ ముల్లు 200 చూపించినా లోపల అంత వేడి ఉండదు. అందుకే నేను మధ్యాహ్నమే కాలుస్తాను.

బేకింగ్ కాగితం మీద కొంచెం బియ్యప్పిండి చల్లి, ముద్దని గుండ్రంగా, రెండున్నర సెంటీమీటర్ల మందంతో తట్టండి. పల్చగా తట్టకండి, ఇవి పెద్దగా పొంగవు, మొదట ఉన్న మందమే చాలావరకు చివరిదాకా ఉంటుంది. తడిపిన చాకుతో ఎనిమిది ముక్కలు చేయండి. చాకుని లాగకుండా నిటారుగా కిందికి నొక్కి తీయండి. ముక్కల మధ్య వేలెడు సందు చాలు, దగ్గరగా ఉంటే పక్కకి పోకుండా పైకి లేస్తాయి. పైన పాలు రాసి, ఇష్టమైతే నువ్వులు చల్లండి.

మధ్య అరలో 20 నుంచి 24 నిమిషాలు. అంచులు బంగారు రంగుకి రావాలి. చోడిపిండి ముందే గోధుమరంగులో ఉంటుంది కాబట్టి రంగు ఒక్కటే నమ్మకండి. ఒకటి తిరగేసి అడుగున వేలితో తట్టండి. డొల్లగా శబ్దం వస్తే అయినట్టు, మెత్తగా మూగగా ఉంటే ఇంకో నాలుగు నిమిషాలు.

తీయగానే విరిచి చూడాలనిపిస్తుంది. పావుగంట ఆగండి. వేడిగా ఉన్నప్పుడు లోపలి గంజి ఇంకా బిగుసుకోదు, కోస్తే బంకలా సాగుతుంది, ఉడకలేదని పొరబడతారు. మా మూడో వాయిని నేను అలాగే పచ్చిదనుకుని మళ్లీ ఓవెన్‌లోకి తోసి ఎండబెట్టేశాను. చల్లారాక కూడా బంకగా ఉంటే అప్పుడు తప్పు కూరగాయ తడిదో, ఓవెన్ వేడిదో. సబ్బు రుచి వస్తే సోడా ఎక్కువైంది.

ఓవెన్ లేకపోతే

ప్రెషర్ కుక్కర్‌ని నీళ్లు లేకుండా వేడిచేయమని కొందరు చెబుతారు, నాకు అది నచ్చదు. మందపాటి పాత డేక్సా ఉంటే అడుగున రెండు అంగుళాలు ఉప్పు పోసి, స్టాండు పెట్టి, మూతతో పది నిమిషాలు మధ్యమంటలో వేడిచేయండి. స్కోన్ల ప్లేటు పెట్టి అరగంట చూడండి. పైన రంగు రాదు, చివర్లో పెనం మీద బోర్లా వేసి రెండు నిమిషాలు కాల్చుకోవాలి.

దానికన్నా నాకు పెనం పద్ధతే ఇష్టం. అదే ముద్దని ఒకటిన్నర సెంటీమీటర్ల మందంతో తట్టి, ముక్కలు చేసి, ఇనుప పెనం మీద సన్నమంటన మూతపెట్టి ఒక్కోవైపు ఏడెనిమిది నిమిషాలు కాల్చండి. చపాతీలు కాల్చే పెనం కాకుండా వేరేది అని ప్రత్యేకం చెప్పక్కర్లేదనుకుంటాను.

గుడ్డు తినని రోజుల్లో

కార్తీకంలో ఇక్కడ ఒడియా ఇళ్లలోనూ మన ఇళ్లలోనూ చాలామంది గుడ్డు ముట్టరు. అప్పుడు ఒక టేబుల్ స్పూన్ అవిసెగింజల పొడి మూడు టేబుల్ స్పూన్ల నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి గుడ్డుకి బదులు వేయండి. కాస్త తక్కువ పొంగుతాయి, రుచికి లోటుండదు. ఉల్లి మానేసేవాళ్లు ఉల్లికాడలకి బదులు కొత్తిమీర ఎక్కువ వేసుకోవచ్చు.

తినడం, దాచడం

వేడి తగ్గాక అడ్డంగా కోసి వెన్న రాస్తే చాలు. టమాటా పచ్చడితో బాగుంటాయి, కూరగాయలు ఎక్కువ పడ్డ దాల్మాలో (ఒడియావాళ్ల పప్పుకూర) ముంచుకున్నా బాగుంటాయి. పచ్చడి కొన్నదైతే ఇంగువ సంగతి మళ్లీ చూసుకోండి.

ఇవి ఆ రోజు తినడానికే బాగుంటాయి. మర్నాటికి బిరుసెక్కుతాయి, ఫ్రిజ్‌లో పెడితే ఇంకా తొందరగా. మిగిలిన వాటిని చల్లారగానే మూసి ఫ్రీజర్‌లో పెట్టండి, కావాల్సినప్పుడు తీసి, నీళ్లు చిలకరించి, మూతపెట్టిన పెనం మీద సన్నమంటన వేడిచేస్తే మళ్లీ మెత్తబడతాయి. దీనికన్నా మంచి పని, కోసిన పచ్చి ముక్కల్ని ట్రే మీద గడ్డకట్టించి డబ్బాలో వేసుకోవడం. కరగనివ్వకుండా అలాగే ఓవెన్‌లోకి, ఇంకో ఐదారు నిమిషాలు ఎక్కువ. ఆదివారం మధ్యాహ్నం రెండు వాయిలు తట్టి పెడితే, మా వదిన పొద్దున్న ఏడింటికి కావాల్సినన్ని ముక్కలు లోపల పెట్టి పిల్లకి జడ వేస్తుంది. రెండు జడలూ అయ్యేసరికి అవి కూడా అవుతాయి. బాక్సులో ఎప్పుడూ రెండు పెట్టేది, ఈమధ్య పక్క పిల్ల అడుగుతోందని మూడు పెడుతోంది.